కాలమ్ కలిసొచ్చిన ఆట

బర్డీ మాండర్స్ చెప్పిందేమిటంటే, పెద్ద సరంగు విన్‌స్లో సైమన్స్ ఇంటికి కాబోయే అల్లుడు అవతలి ఊరి మనిషని తేలిపోయింది. ఒకరి గుట్టు తను చచ్చినా బయటపెట్టనని బర్డీ ఊరందరికీ విడివిడిగా చెప్పి ఉంది కాబట్టి ఆమె మాట మీద జనానికి గురి ఎక్కువ. ఆ గురువారం పొద్దున ఆమె వంటింటి కిటికీ తెరిచిందట. పక్కింట్లో అద్దెకుండే పశువుల డాక్టరు పెరట్లో, బట్టల తీగ మీద ఒక లేత నీలం చొక్కా, పక్కన ముదురు నీలం ప్యాంటు, మళ్లీ లేత నీలం చొక్కా, మళ్లీ ముదురు నీలం ప్యాంటు, తీగ ఈ కొస నుంచి ఆ కొసదాకా రెపరెపలాడుతున్నాయట.

"జెండా ఎగరేశాడమ్మా! సోమర్సెట్ నడిబొడ్డున, కప్ మ్యాచ్ పొద్దున, సెయింట్ జార్జెస్ జెండా!" అని ఆమె బస్టాపులో చెప్పింది. బస్సు వచ్చాక డ్రైవరుకు చెప్పింది. ఆ పైన బస్సే చెప్పుకుంటూ పోయింది.

బెర్ముడాకు ఆ చివర సెయింట్ జార్జెస్, ఈ చివర సోమర్సెట్. ఏడాది పొడుగునా రెండూళ్లూ వియ్యాలందుకుంటాయి, ఒకే పడవెక్కి చేపలు పడతాయి, ఒకరి చావుకొకరు ఏడుస్తాయి. ఎండాకాలంలో కప్ మ్యాచ్ అనే క్రికెట్ పోటీ జరిగే రెండు రోజులు మాత్రం ఎవరి రంగు వారిది. ఎరుపూ ముదురు నీలమూ అయితే సోమర్సెట్. లేత నీలమూ ముదురు నీలమూ అయితే సెయింట్ జార్జెస్. ఆ రెండు రోజులూ సోమర్సెట్ దుకాణాల్లో లేత నీలం సబ్బుబిళ్ల కూడా కదలదు.

డాక్టరు పేరు కాలమ్ మెక్‌ఫీ. కెనడాలో సముద్రం సైతం గడ్డకట్టే ఊరి నుంచి వచ్చి రెండేళ్లయినా కాలేదు. పోయిన ఏడు సరిగ్గా ఈ పండగ రోజుల్లోనే సొంతూరు వెళ్లి, చూడకుండా తప్పించుకున్నాడు. తీగ మీద ఆరుతున్నవి ఆయన ఆస్పత్రిలో వేసుకునే బట్టలు. ఆవు ఈనినా మేక కుంటినా ఆయన ఒంటి మీద అవే ఉంటాయి. రెండు రోజులు సెలవు కదా అని మొత్తం ఉతికి ఆరేశాడు. క్రికెట్ గురించి ఆయనకు తెలిసింది ఒక్కటే, దాన్ని మంచు మీద ఆడరని.

మరి ఆటకు ఎందుకు వెళ్తున్నాడంటే, సరంగు కూతురు షెనెల్ కోసం. పిల్లకు ఇష్టమే, పిల్లాడికి ప్రాణమే. తేలాల్సింది తండ్రి మాట. నలభై ఏళ్లు దీవి చుట్టూ జనాన్ని పడవ దాటించిన మనిషి విన్‌స్లో. ఎవరినైనా ఎక్కేటప్పుడే తూకం వేసేవాడు. కాలమ్ వచ్చి పిల్లనడిగితే ఔననలేదు, కాదనలేదు.

"ఇది మా తాతలు బానిస సంకెళ్లు తెగిన రోజుని తలుచుకుని పెట్టుకున్న ఆట, అబ్బాయ్. ఇందులో ఎట్లా ఉంటాడో మనిషి పెళ్లిలోనూ అట్లాగే ఉంటాడు. రెండు రోజులు నా టెంట్లో కూచో. చూస్తాను. శుక్రవారం ఆటయ్యాక సగం మాట చెప్తాను."

"సగమేనా అండీ?"

"మిగతా సగం మా ఆవిడది."

ఆవిడ, ఐడాలియా, పుట్టింది సెయింట్ జార్జెస్‌లో. కాపురానికొచ్చి ఇన్నేళ్లయినా ఆ రెండు రోజులూ పుట్టింటి మనిషే. లేత నీలం గౌను వేసుకుని మైదానానికి అవతలి పక్క అక్కగారి టెంట్లో కూర్చుంటుంది. మొగుడితో మాట్లాడదు. వండి మాత్రం పంపుతుంది.

షెనెల్ ఫోనులో కాలమ్‌కు మంత్రం ఉపదేశించినట్టు చెప్పింది. "ఐస్ తీసుకురా. కనిపించినవాళ్లందరికీ గుడ్ మార్నింగ్ చెప్పు. ఆ తర్వాత నోరు తెరవకు. నేను లేస్తే లే, నేను కూచుంటే కూచో. అంతే."

అంత చిన్న పని కాలమ్ చెయ్యలేడా? చెయ్యగలడు. కానీ ఆయన ఐస్ మూటతో మైదానం చేరేలోపే బర్డీ బస్సు చేరింది.

మైదానం చుట్టూ టెంట్లు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. డప్పులు, బూరలు, చేపలు వేగే నూనె వాసన, పాచికలాట దగ్గర అరుపులు. టెంట్ల కింద, ఎవరూ పెంచకుండానే దీవి నిండా బలిసిన అడవికోళ్లు రొట్టెముక్కల కోసం కాళ్లకు అడ్డం పడుతున్నాయి. కాలమ్ ఒక్కొక్కరికీ వంగి గుడ్ మార్నింగ్ చెప్పాడు. ఒక్కొక్కరూ ఆయన ముఖం మానేసి చొక్కా వైపు చూశారు. చొక్కా తెల్లది. దాచుకున్నాడన్నమాట అనుకున్నారు.

"ఏ ఊరయ్యా నీది?" అన్నాడు విన్‌స్లో ఎర్రటోపీ కిందినుంచి.

"కేప్ బ్రెటన్ అండీ. మీకు చెప్పానుగా."

"దానికి అవతల?"

"సముద్రం అండీ."

టెంట్లో నవ్వలేక దగ్గారు. విన్‌స్లో నవ్వలేదు. "నా పెళ్లినాడు మా అత్తగారు నాకు లేత నీలం టై ఇచ్చింది. దాంతో పడవ కట్టేశాను. ఇప్పటికీ ఆ రంగు నా ఒంటిని తాకలేదు. తెలుసుకో." అని, టెంటు చివర గుంజ వెనక ఒక కుర్చీ చూపించాడు. అక్కడినుంచి కాలమ్‌కు గుంజ బాగా కనిపించేది. ఆట కనిపించేది కాదు.

అయినా పొద్దెక్కేసరికి ఆయనకూ పూనకం వచ్చేసింది. ఎవరికి రాదు? బంతి పడ్డప్పుడల్లా దీవి మొత్తం ఊపిరి బిగబట్టినట్టు నిశ్శబ్దం, కొట్టగానే ఆకాశం పగిలినట్టు కేక. ఒక్కసారి బంతి గుంజకు అటు మాయమై ఇటు తేలి, టెంట్ల మీదుగా ఎగిరి, ఎవరిదో కారు అద్దం మీద పడింది. కాలమ్ కుర్చీ తన్నేసి లేచి, చేతులెత్తి, తమ ఊళ్లో మంచు మీద గోలు పడ్డప్పుడు వేసే పొలికేక వేశాడు.

ఆయన ఒక్కడే వేశాడు. కొట్టింది సెయింట్ జార్జెస్ వాడు.

"నే చెప్పలా!" అంది బర్డీ, విసనకర్ర ఆపి.

షెనెల్ ముఖం చేతుల్లో దాచుకుంది. కాలమ్ కూలబడి, ఆమె చెవిలో, "నేను మీవాణ్నని ఎట్లా నిరూపించుకోను?" అన్నాడు. ఆమె బదులు చెప్పేలోపు విన్‌స్లో వినేశాడు. ముసలాయనకు ఇంజను మోతలో కూడా చెవులు పనిచేసేవి.

"మా ఊరి కుర్రాడు యాభై కొడితే, ఊరి మనుషులు మైదానంలోకి పరిగెత్తి వాడి చేతిలో ఏదో ఒకటి పెడతారు. అందరికంటే ముందు చేరినవాడు మనిషి. కూచుని అరిచేవాడు కాదు."

ఏదో ఒకటి అంటే డబ్బు నోటు. ఇది దీవిలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు గనక విన్‌స్లో చెప్పలేదు. కాలమ్‌కు తెలియదు గనక అడగలేదు. అందరికంటే ముందు అన్న మాట మాత్రం గుండెల్లో రాసుకున్నాడు.

సాయంత్రం ఇంటికి పోతుంటే షెనెల్ అసలు సంగతి చెప్పింది. "నీ బట్టల తీగ, మహానుభావా! ఆ రంగులు!" కాలమ్ ఒక్క పరుగున పెరట్లోకి పోయి, తీగంతా దులిపేసి, పెట్టె అడుగున ఉన్న ఎర్ర దుప్పటి, ముదురు నీలం పక్కగుడ్డ తీసి, ఉతక్కుండానే తడిపి, ఆరేశాడు. హమ్మయ్య అనుకున్నాడు.

శుక్రవారం పొద్దున బర్డీ చెప్పిన దాని ప్రకారం, డాక్టరు పార్టీ ఫిరాయించాడు.

"పూట తిరక్కుండానే! సెయింట్ జార్జెస్ వాడైతే పోనీలే, అదొక జబ్బు. పొద్దునొక జెండా, సాయంత్రం ఒక జెండా ఎగరేసేవాడికి ఆడపిల్లనెట్లా ఇస్తారమ్మా?" ఈ ముక్క మైదానం చుట్టూ తిరిగి అవతలి టెంట్లో ఐడాలియా చెవిన కూడా పడింది. అంటే విన్‌స్లో సగమే కాదు, ఆవిడ సగం కూడా గోవిందా.

కాలమ్‌కు ఇదేమీ తెలియదు. ఎర్ర ప్యాంటు, ముదురు నీలం చొక్కా వేసుకుని, మెడకు సోమర్సెట్ జెండా కట్టుకుని వచ్చాడు. ఆ జెండా ఇంటి గోడకు కట్టేది. వెనక నేల మీద ఈడుస్తుంటే కోళ్లు దాని మీదెక్కి సవారీ చేశాయి.

"ఇంకాస్త ఎరుపు పూసుకోవాల్సింది," అన్నాడు విన్‌స్లో. "చెవులు మిగిలాయి."

ఆ రోజు ఆటేమో సోమర్సెట్‌కు అడ్డం తిరిగింది. కప్పు వాళ్ల దగ్గరే ఉంది. ఓడిపోకుండా నిలబడితే చాలు. ఆట తేలకపోతే పాత విజేతల దగ్గరే కప్పు ఉండిపోతుంది. మధ్యాహ్నం దాకా అదేమంత గొప్ప పని కాదనిపించింది. తర్వాత సెయింట్ జార్జెస్ పొడుగు బౌలరొకడు చివరి ఇన్నింగ్స్‌లో వరసబెట్టి వికెట్లు పడేశాడు. అవతలి టెంట్లు లేత నీలంగా లేచి కూర్చుని లేచి కూర్చుని అలలయ్యాయి. ఇవతల రమ్ము గ్లాసులు పట్టుకున్నవాళ్లు పట్టుకున్నట్టే ఉండిపోయారు.

చివరికి ఒక్కటే జంట మిగిలింది. ఒక పక్క క్విన్సీ గిల్బర్ట్, నలభై ఎనిమిది పరుగుల మీద, చెమటలో నానిపోయి. రెండో పక్క ఉన్నవాడు బ్యాటును గొడుగులా పట్టుకున్నాడు. ఇంకా అరగంట ఆట. పడమట సముద్రం మీద ఒక నల్లమబ్బు మాత్రం మెల్లగా నడుచుకుంటూ వస్తోంది.

"తొందరగా రావే తల్లీ," అన్నాడు విన్‌స్లో మబ్బుతో.

సరిగ్గా అప్పుడు ఐడాలియా మైదానం చుట్టూ నడిచి వచ్చింది. చేతుల్లో గుడ్డలో చుట్టిన పెద్ద మట్టి పళ్లెం. మైదా పొర కింద ఆల్చిప్పల కూర కూరి కాల్చిన పై అది, పొగలు కక్కుతోంది. మొగుడి వైపు చూడకుండా తిన్నగా గుంజ వెనక్కి వెళ్లి కాలమ్ ఒళ్లో పెట్టింది.

"ఇది ఆ మనిషికివ్వు. మాట్లాడనని చెప్పు. మీవాళ్లు ఓడిపోయాక తినమను, అప్పటిదాకా గొంతు దిగదు."

"అమ్మా, నా మీద..."

"నీతో కూడా మాట్లాడను. ఫిరాయించేవాళ్లంటే నాకు పడదు." ఆవిడ తిరిగి నడిచింది.

కాలమ్ పళ్లెం ఒళ్లోనే పట్టుకుని ఆవిడ వెనకే చూశాడు. ఫిరాయించడమేమిటి? పళ్లెం వేడి తొడలు కాలుస్తోంది. గుంజ అటు పక్క బౌలర్ పరిగెత్తుతున్న అడుగులు వినిపించాయి. క్విన్సీ బ్యాటుకు బంతి ఠంగుమని తగిలింది. అదే క్షణాన మబ్బు ముందు నడిచే గాలి టెంట్ల మీద విరుచుకుపడింది.

"పోయింది! పోయింది! అయ్యో, పోయింది!" అని బర్డీ అరిచింది.

పోయింది బర్డీ టోపీ. ఎర్రపూలు కుట్టిన గడ్డిటోపీ, కొత్తది. బంతి ఎక్కడికీ పోలేదు, పక్కనే ఉన్న ఫీల్డరు కాళ్ల దగ్గర ఆగింది. కానీ గుంజ వెనక ఉన్నవాడికి బంతి హద్దు దాటిందనీ, క్విన్సీకి యాభై దాటిందనీ, అందరికంటే ముందు చేరాల్సిన ఘడియ వచ్చిందనీ అర్థమైంది. చేతిలో పెట్టడానికి ఏదో ఒకటి కూడా ఉంది.

షెనెల్ "కాలమ్!" అనేసరికి ఆయన హద్దు తాడు దూకేశాడు.

ఆ పరుగు చూసినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎర్ర ప్యాంటు, వెనక తెరచాపలా ఉబ్బిన జెండా, ముందు పొగలు కక్కే పళ్లెం. ఫీల్డర్లు తప్పుకున్నారు. అంపైరు రెండు చేతులూ ఊపి ఆట ఆపాడు. కాలమ్ పిచ్ మధ్యకు చేరి, "మా ఊరి తరఫున!" అని క్విన్సీ చేతుల్లో పెట్టబోయాడు. క్విన్సీ గ్లవ్స్ తొడుక్కున్న చేతులతో అందుకోబోయాడు. జెండా కాళ్లకు చుట్టుకుంది.

పళ్లెం గాల్లో బోర్లా తిరిగి, బౌలర్లు ఏ చోట బంతి వేద్దామని రెండు రోజులుగా కష్టపడుతున్నారో సరిగ్గా ఆ చోట పడింది.

ఒక్క క్షణం ఎవరూ కదల్లేదు. తర్వాత కోళ్లు కదిలాయి.

టెంట్ల కిందినుంచి, కార్ల కిందినుంచి, ఎక్కడెక్కడివో వచ్చాయి. దీవిలో ఆల్చిప్పల కూర ఎప్పుడు ఒలుకుతుందా అని కాచుకున్నట్టే వచ్చాయి. రెండు పుంజులు పిచ్ మీదే పోట్లాటకు దిగాయి. ఒక పెట్ట వికెట్ల మధ్య దూరి బెయిల్ పడగొట్టింది. సెయింట్ జార్జెస్ ఫీల్డర్లలో ఒకడు అలవాటు కొద్దీ అప్పీలు చేశాడు.

"నాటకం! టైము చంపడానికి పంపారు!" అని సెయింట్ జార్జెస్ కెప్టెన్ గంతులేశాడు.

"మావాడు కాదు!" అని సోమర్సెట్ టెంట్లన్నీ ఒక్క గొంతుతో అరిచాయి. "మీవాడే! బట్టల తీగ అడగండి!"

"నిన్న సాయంత్రమే మీలో చేరాడుగా! మీ బర్డీయే చెప్పింది!"

"చేర్చుకోలేదు!"

బర్డీ మాత్రం టోపీ వెనక పరిగెత్తుతోంది.

విన్‌స్లో టోపీ తీసి మొహం మీద కప్పుకున్నాడు. షెనెల్ ఆ టోపీ వైపు చూసింది. తండ్రి సగం మాట ఏమిటో ఆమెకు తెలిసిపోయింది. ఇక పెళ్లి లేదు.

పిచ్ మధ్య అంపైరు వంగి, మోకాళ్ల మీద ఉన్న కాలమ్‌ను అడిగాడు. "ఎవరి మనిషివయ్యా నువ్వు?"

"నేను పశువుల డాక్టర్నండీ."

అంపైరు చుట్టూ చూశాడు. "ఇప్పుడు కావలసింది అదే. పట్టు."

అది మాత్రం కాలమ్‌కు వచ్చిన విద్య. జెండా విప్పి వలలా విసిరి, ఒక్కొక్కటే రెక్కలు ముడిచి చంకలో పెట్టుకుని తాడు అవతల వదిలాడు. వదిలినవి మళ్లీ వచ్చాయి. మళ్లీ పట్టాడు. జనం లెక్క పాడడం మొదలుపెట్టారు. ఏ పుంజు దొరుకుతుందా అని పాచికలాట దగ్గర పందేలు కూడా పడ్డాయి. చిన్నపిల్లలూ ముసలమ్మలూ తాడు దగ్గర ఎగురుతున్నారు. ఇటు చీపుర్లు వచ్చాయి, రంపపు పొట్టు వచ్చింది. జారుతోందని బౌలర్, బాగానే ఉందని క్విన్సీ, ఇంకా వాసనొస్తోందని అవతల నిలబడ్డ గొడుగు బ్యాటువాడు. గడ్డి మీద చిక్కిన ఆఖరి ఆల్చిప్పను అంపైరు స్వయంగా ఏరి, ఎక్కడ పెట్టాలో తోచక జేబులో వేసుకున్నాడు.

పొడుగు బౌలర్ తన పరుగు మొదట్లో నిలబడి బంతి తుడిచాడు. పరిగెత్తాడు.

ఒక చినుకు పడింది.

ఆ తర్వాత చినుకులు లేవు, నీళ్లే. మబ్బు మొత్తం ఒక్కసారిగా మైదానం మీద తలుపు తీసినట్టు కురిసింది. అంపైర్లు మిగిలిన బెయిల్స్ తీసుకుని పరిగెత్తారు. గడియారం ముల్లు దాని దారిన అది నడిచి ఆట ముగిసే సమయం దాటింది. పిచ్ చెరువైంది. ఆట తేలలేదు. కప్పు కదల్లేదు.

సోమర్సెట్ కురిసే వానలోకి దూకింది. డప్పులు నీళ్లు చిందిస్తూ మోగాయి. తడిసిన జెండాలు, కౌగిలింతలు, ఏడుపులు. విన్‌స్లో కుర్చీ ఎక్కి నిలబడ్డాడు. "ఆ మబ్బు ఇంకో పది నిమిషాలు లేటయితే మనం పోయేవాళ్లం! ఆ పది నిమిషాలూ ఎవడు తెచ్చాడు? ఎవడయ్యా?"

అందరూ కాలమ్ వైపు తిరిగారు. ఆయన గుంజ పక్కన, చంకలో ఆఖరి పుంజుతో, జుట్టులో రంపపు పొట్టుతో, శిక్ష వినడానికి నిలబడ్డాడు.

"నా అల్లుడు!" అని సరంగు గర్జించాడు. "నా అల్లుడు తెచ్చాడు!"

కాలమ్‌ను భుజాల మీదికెత్తేశారు. పుంజును కూడా ఎత్తేశారు. "మొదటి రోజే చెప్పాను మనవాడని," అంది బర్డీ, పిండిన టోపీ నెత్తిన పెట్టుకుంటూ. "ముఖం చూస్తే తెలియట్లా?" క్విన్సీ ఖాళీ పళ్లెం పట్టుకుని వచ్చాడు. "యాభైకి ఇంకా రెండున్నాయి, డాక్టర్‌గారూ. అయినా గ్లవ్ నాకి చూశాను. కూర అమోఘం."

షెనెల్ నవ్వుతోందో ఏడుస్తోందో వానలో తెలియలేదు.

అప్పుడు లేత నీలం గౌను ఒంటికి అతుక్కుపోయి, గొడుగు తిరగబడి, ఐడాలియా మైదానానికి అడ్డంపడి నడిచి వచ్చింది. జనం దారిచ్చారు. క్విన్సీ చేతిలోంచి పళ్లెం లాక్కుంది, అంచు విరిగిందేమోనని తడిమి చూసుకుంది.

"ఐడా! ఆట అయిపోయిందే, ఇక మాట్లాడొచ్చు." విన్‌స్లో కుర్చీ మీదినుంచే చేతులు చాచాడు. "నా సగం ఇచ్చేశాను. పెళ్లి ఇక్కడే, ఈ మైదానం పక్క చర్చిలోనే. ఎర్ర పూలు, ముదురు నీలం రిబ్బన్లు. కప్పు కూడా పక్కన పెడదాం. నీ సగం కూడా చెప్పెయ్, పిల్లలు తడుస్తున్నారు."

"కప్పు నిలబెట్టింది మీ పదకొండుమందీ కాదు, నా ఆల్చిప్పలు," అంది ఐడాలియా. "పెళ్లి మా ఊళ్లో. నువ్వు లేత నీలం టై కట్టుకుని పిల్ల చెయ్యి పట్టుకుని నడిపించుకొస్తావు."